వెనుక కూర్చుండు స్త్రీ

వాక్యభాగములు: లూకా 1:36–58, నిర్గమ 1:15–21, ఆది 3:16–19, ఆది 35:16–20, 1 సమూయేలు 4:19–22



ఈ మాసపు పాఠమును ముఖ్యముగా స్త్రీల సమాజములలో చదువుకొనుటకు వ్రాయుచున్నాము. అయినను పురుషులు ఈ పుటను త్రిప్పివేయవద్దని మనవి. లోపల కాన్పు జరుగుచుండగా మగవారు అరుగుమీద కూర్చుండి చుట్ట కాల్చుకొనుట మన పల్లెలలో పాత వాడుక. లూకా పురుషుడైయుండియు తన సువార్తను ఇద్దరు గర్భవతుల సంగతితో ఆరంభించెను. అతడు వైద్యుడని పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో చెప్పుచున్నాడు. ఆ సంగతి మనస్సునందుంచుకొని చదువుడి.

ఈ దినములలో పట్టణములయందు 'డూలా' అను మాట వినబడుచున్నది. నొప్పులు పడుచున్న స్త్రీ ప్రక్కను మొదటినుండి చివరివరకు విడువక యుండి, ధైర్యము చెప్పి, నడుము రాచి, నీళ్లు త్రాగించి, చేయి పట్టుకొనియుండు స్త్రీకి ఆ పేరు. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు, మంత్రసానియు కాదు. బిడ్డను పట్టదు, మందు ఇయ్యదు. తోడుండుటయే ఆమె పని. 1973లో డానా రాఫేల్ అను అమెరికా దేశపు మానవశాస్త్రజ్ఞురాలు బాలింతకు సాయముగా నుండు స్త్రీని గూర్చి తన గ్రంథములో ఈ మాట వాడెను. తరువాత మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అను ఇద్దరు పిల్లల వైద్యులు కాన్పు గదిలోని తోడునకు ఆ పేరే పెట్టిరి. 1992లో ఉత్తర అమెరికాలో డూలాల సంఘమొకటి ఏర్పడెను. ఇప్పుడది కొందరికి జీతముగల ఉద్యోగము.

గ్రీకు నిబంధన చదివినవారికి ఇది క్రొత్త మాట కాదు. 'దూలే' అనగా దాసురాలు. క్రొత్త నిబంధనలో ఈ స్త్రీలింగ పదము మూడే చోట్ల కనబడును: లూకా 1:38, లూకా 1:48, అపొస్తలుల కార్యములు 2:18. మూడును లూకా వ్రాతలే. మొదటి రెండును మరియ తన్నుగూర్చి తాను చెప్పుకొనిన చోట్లు. తాను ప్రభువునకు దాసురాలినని దేవదూతకు చెప్పిన ఆ కన్యక ఇంటిలో కూర్చుండలేదు. మరుసటి వచనములోనే లేచి యూదా కొండసీమకు త్వరపడి వెళ్లెను. నజరేతునుండి అది మూడు నాలుగు దినముల ప్రయాణము. ముసలితనమున గర్భవతియైన ఎలీసబెతునకు అప్పటికి ఆరవ మాసము. మరియ ఇంచుమించు మూడు నెలలు అక్కడ నుండెనని 56వ వచనము. ఆరును మూడును కలిపిన ఎంతయో మన తల్లులకు చెప్పనక్కరలేదు.

కాన్పు వేళకు మరియ అక్కడ నున్నదా? ఆమె తిరిగి వెళ్లిన సంగతి ముందు చెప్పి, ఎలీసబెతు ప్రసవమును తరువాత చెప్పెను గనుక ముందే వెళ్లిపోయెనని కొందరందురు. అయితే ఒకరి సంగతి ముగించి మరియొకరి సంగతి ఎత్తుకొనుట లూకాకు వాడుక. మూడవ అధ్యాయములో యోహాను చెరసాలలో వేయబడిన సంగతిని యేసు బాప్తిస్మమునకు ముందే చెప్పివేసెను. మూడు నెలలు పరిచర్య చేసి, నొప్పులు వచ్చు వారములో మూట కట్టుకొని పోవుట ఏ ఆడుకూతురును చేయని పని అని మాకు తోచుచున్నది. ఇది మా తలంపు మాత్రమే.

ఇంకొక మాట. మరియ అప్పటికి ఒక బిడ్డనైనను కనలేదు. గొడ్రాలికేమి తెలియును ప్రసవవేదన అని లోకములో సామెత యొకటి యున్నది. ఎలీసబెతును గూర్చియు ఇరుగుపొరుగువారు గొడ్రాలనియే చెప్పుకొనిరి. ఆ సామెత మన సంఘపు స్త్రీల నోట వినబడకూడదు. బిడ్డలులేని అక్క ఒకతె ఓపికతో చేయి పట్టుకొన్న యెడల, పదిమందిని కని విసుగుకొను అత్తకంటె ఆమెయే మేలు.

ఇప్పుడు నిర్గమకాండమునకు వత్తము. షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానుల పేర్లు అక్కడ వ్రాయబడియున్నవి. వారిని బెదరించిన ఫరో పేరు వ్రాయబడలేదు. మన బైబిలులో కాన్పుపీటలని యున్నచోట హెబ్రీలో 'రెండు రాళ్లు' అను అర్థమిచ్చు మాట కలదు. ఐగుప్తు స్త్రీలు ఇటుకల ఆసరాతో కనెడివారు. 2001లో ఐగుప్తులోని అబిదోసు అను చోట పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారి త్రవ్వకములలో అట్టి ఇటుక యొకటి దొరకెను. సుమారు 3,700 సంవత్సరములనాటి పచ్చి ఇటుక. దానిమీద రంగులతో బొమ్మ వేయబడియున్నది. తల్లి బిడ్డను ఎత్తుకొని కూర్చున్నది. ఒక స్త్రీ ఆమె యెదుట మోకరించియున్నది. మరియొక స్త్రీ ఆమె వెనుక నున్నది.

ఎదుటనున్నది బిడ్డను పట్టు స్త్రీ. వెనుకనున్నది తల్లిని పట్టు స్త్రీ. ఆ బొమ్మను మన ముసలమ్మలకు చూపిన యెడల వివరము అడుగరు. మన పాత ఇండ్లలోను మంత్రసాని ఎదుట కూర్చుండెడిది. తల్లియో మేనత్తయో వెనుక కూర్చుండి, పిల్లను తన రొమ్మున ఆనించుకొని, చంకలక్రింద చేతులు వేసి పట్టుకొనెడిది.

నేడు కాన్పులు ఆసుపత్రికి మారినవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగెను. ఇందుకు దేవునికి స్తోత్రము. పూర్వము ఇంటి కాన్పులో రక్తము పోయి తెల్లవారకముందే కన్నుమూసిన తల్లులెందరో. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసాని 1898లో అక్కడ ఆసుపత్రి తెరచినది అట్టి స్త్రీల అక్కర చూచియే. గనుక పాత కాలమే మేలని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆసుపత్రికి మారినప్పుడు ఎదుట కూర్చుండు స్త్రీ స్థానములోనికి చదువుకొన్న నర్సమ్మయు డాక్టరమ్మయు వచ్చిరి. అది మేలు. వెనుక కూర్చుండు స్త్రీ మాత్రము తలుపు బయట నిలిచిపోయెను. ఆమె స్థానములోనికి ఎవరును రాలేదు.

సంఘస్థుల కొరకు మేము ఆసుపత్రి వరండాలలో గడపిన రాత్రులు కొన్ని కలవు. తొలిచూలు పిల్ల లోపల, ఆమె తల్లి బయట. లోపలినుండి కేక వినబడినప్పుడెల్ల తల్లి లేచి తలుపుదాక పోయి, మరల వచ్చి చాపమీద కూర్చుండును. లోపలి నర్సమ్మ దయలేనిదని కాదు. ఆ రాత్రి ఆమె ఒక్కతె అయిదారు మంచములు చూడవలెను. ఒక్కొక్క చేయి పట్టుకొని కూర్చుండుట ఆమెవలన ఎట్లగును?

ఈ సంగతిని వైద్యులే పరీక్షించిరి. గ్వాటెమాల దేశపు ఆసుపత్రి యొకదానిలో తొలిచూలు స్త్రీలలో కొందరికి ముందెన్నడును ఎరుగని, వైద్యము నేర్వని స్త్రీ నొకతెను తోడుంచిరి. మిగిలినవారిని ఆసుపత్రి వాడుక చొప్పున ఒంటరిగా నుంచిరి. 1980లో ఆ ఫలితములు ప్రచురింపబడెను. చిక్కులేక కాన్పయినవారిని పోల్చగా, చేరినది మొదలు కాన్పువరకు ఒంటరివారికి సగటున 19.3 గంటలు, తోడున్నవారికి 8.8 గంటలు పట్టెను. ఒక్కొక్క వైపు 20 మందే గనుక అది చిన్న పరీక్ష. అయితే 1991లో అమెరికాలో ఆరువందలమందికి పైగా తల్లులను పరిశీలించిరి. తోడులేనివారిలో నూటికి 18 మందికి శస్త్రచికిత్స కావలసివచ్చెను. తోడున్నవారిలో నూటికి 8 మందికే. 2017 నాటికి 17 దేశములలో 15,858 మంది స్త్రీలతో జరిగిన 26 పరీక్షలను ఒక్కచోట కూర్చి చూచినప్పుడును త్రోవ అదే. తోడున్న స్త్రీలకు సహజమైన కాన్పులు ఎక్కువ, నొప్పులకాలము కొంత తక్కువ, కాన్పును తలంచుకొని బాధపడుట తక్కువ; తోడువలన కీడేమియు కనబడలేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి స్త్రీకిని ఆమె కోరుకొనిన తోడు ఉండవలెనని సలహా ఇచ్చెను.

చేయి పట్టుకొన్నంత మాత్రమున ఇదెట్లు జరుగునని అడుగుదురేమో. మీ కొట్టములో చూడలేదా? ఈనబోవు గేదె దగ్గరకు క్రొత్తవారు వచ్చినను, కుక్క మొరిగినను అది బెదరి లేచి తిరుగును, ఈత ఆలస్యమగును. స్త్రీ శరీరమును అట్టిదే. భయపడినప్పుడు దేహములో పుట్టు స్రావము గర్భసంచి నొప్పులను అడ్డగించును. భయము తగ్గినప్పుడు నొప్పులు తమ పని తాము చేయును.

శస్త్రచికిత్సను గూర్చి అపార్థము వద్దు. అవసరమైనప్పుడు అది తల్లిని బిడ్డను కాపాడు దేవుని కృప. అయితే అదే సర్వే ప్రకారము మన దేశములో నూటికి 21.5 కాన్పులు కోతవలన జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దీనికి కారణములు అనేకము. నొప్పుల భయము వాటిలో ఒకటి. ఒంటరిగా పడవలసిన నొప్పియని తెలిసినప్పుడు ఆ పిల్లయే కోయుడని వేడుకొనును. ఆమెను నిందింపకుడి.

ఇచ్చట ఆదికాండము మూడవ అధ్యాయము ఎత్తువారుందురు. హవ్వ చేసినదానికి అనుభవించవలసినదే, ఓర్చుకొమ్మని పెద్దమ్మలు కొందరు పురిటి మంచము ప్రక్కనే చెప్పుదురు. పదునారవ వచనమును చదివినవారు పదునేడవదియు చదువవలెను. స్త్రీకి చెప్పబడిన ప్రయాసము అను మాటయే పురుషునికిని చెప్పబడెను. హెబ్రీలోను అది ఒక్కటే మాట. ముండ్లతుప్పలు మొలచునని భూమిని గూర్చి చెప్పబడెను గదా, మన రైతులలో ఎవరైన ముండ్లను అట్లే యుండనిచ్చిరా? కొడవలి పట్టుదురు, కూలివారిని పిలుతురు, నేడు ట్రాక్టరు కట్టుదురు. పొలములోని ప్రయాసమును తగ్గించుకొనుట పాపము కానియెడల, పురిటి మంచముమీది ప్రయాసమును తగ్గించుట ఎట్లు పాపము? 1847లో స్కాట్లండు వైద్యుడు జేమ్సు సింప్సను కాన్పు వేళ క్లోరోఫారము ఇచ్చినప్పుడు ఈ వచనము చూపియే కొందరు అభ్యంతరము చెప్పిరి. అతడు లేఖనములనుండియే వారికి జవాబు వ్రాసెను. యోహాను 16:21లో ప్రభువు ప్రసవించు స్త్రీ వేదనను తలంచినప్పుడు గద్దింపు మాట ఒక్కటియు పలుకలేదు.

ఇక తోడుండు స్త్రీ పని. మంత్రసానితనమునకు ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలెనని మనవారందురు. తోడునకు ఒప్పుకొనిన ఆమెయు అట్లే. నడుమ లేచి పోరాదు. నొప్పులు మొదటివేనా, కాన్పు ఈ పూటయా రేపా అని తొందరపెట్టరాదు. తొలిచూలు పండ్రెండు గంటలును, అంతకు మించియు పట్టవచ్చును. డాక్టరమ్మ వద్దనని యెడల పిల్లను వెల్లకిల పరుండబెట్టక నడిపించుట, కూర్చుండబెట్టుట, ప్రక్కకు తిరిగి పరుండనిచ్చుట మేలు. నొప్పి వచ్చినప్పుడు నడుము క్రింది యెముకపై అరచేతితో గట్టిగా నొక్కిన చాలమందికి హాయి. నొప్పి పోయినప్పుడు రెండు గుటకలు నీళ్లో, మజ్జిగయో, గంజియో. మూత్రమునకు పోవుట జ్ఞాపకము చేయవలెను. ఊపిరి బిగబట్టు పిల్లతో కలిసి తానును మెల్లగా ఊపిరి విడిచిన, ఆ పిల్ల చూచి నేర్చుకొనును. మాటలు తక్కువ చాలును. ప్రార్థనయు క్లుప్తముగా నుండవలెను. నొప్పి నడుమ నున్న స్త్రీ చెంత ప్రసంగము వంటి ప్రార్థన చేయుట ఆమెకును ప్రభువునకును శ్రమ.

చేయరాని పనులు ఇంకను ముఖ్యము. చూచి రమ్మంటే కాల్చి వచ్చినట్లు కొందరు తోడుకు పోయి వైద్యము మొదలుపెట్టుదురు. లోపల చేయి పెట్టి చూడరాదు. పొట్ట నొక్కి బిడ్డను త్రోయరాదు. త్వరగా కావలెనని ఊరిలో ఎవరిచేతనో నొప్పుల సూది వేయించుట గర్భసంచిని చింపి ప్రాణము తీయగలదు. ముక్కుమని నర్సమ్మ చెప్పకముందే ముక్కించరాదు. రక్తము పోవుచున్నను, ఉమ్మనీరు పచ్చగా వచ్చినను, కండ్లు మసకబారి తలనొప్పి తీవ్రమైనను, ఫిట్స్ వచ్చినను, జ్వరము కాసినను ఒక్క నిమిషము ఆగక పిలువవలెను. ఇంటి దగ్గరనైతే 108కి ఫోను చేయవలెను. బిడ్డ పుట్టిన తరువాత తేనె, పంచదారనీళ్లు, ఆముదము నోట పెట్టనియ్యకుడి. తల్లి రొమ్మునకు ఆనించి, వస్త్రము కప్పి, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించుడి. ఒక దినము గడచువరకు స్నానము అక్కరలేదు. బొడ్డునకు ఏమియు రాయవద్దు.

నోటి మాటను గూర్చి కొంచెము నిలిచి ఆలోచింతము. రాహేలు ఎఫ్రాతా మార్గమున ప్రసవవేదనతో ప్రాణము విడుచుచుండగా మంత్రసాని ఆమెను ఓదార్చెను. సమూయేలు గ్రంథములో ఫీనెహాసు భార్యకు మందసము పట్టబడిన వార్తయు, మామ, పెనిమిటి మరణవార్తయు విని నొప్పులు వచ్చినప్పుడు దగ్గర నిలిచిన స్త్రీలును ఓదార్చిరి. రెండు చోట్లను భయపడవద్దని చెప్పి, వెంటనే కుమారుడు పుట్టెనను మాటను చేర్చిరి. ఏమి జరిగెను? రాహేలు ఆ బిడ్డకు తన దుఃఖమునే పేరుగా పెట్టెను. ఫీనెహాసు భార్య ప్రత్యుత్తరమియ్యలేదు, లక్ష్యపెట్టలేదు. ఆ స్త్రీలు దుర్మార్గులు కారు. దగ్గర నిలిచినందుకే లేఖనములో చోటు పొందిరి. అయితే చనిపోవుచున్న తల్లికి ఏమి కావలెనో చూడక, లోకము దేనిని లాభమని యెంచునో దానినే ఆమె చేతిలో పెట్టిరి.

మన ఇండ్లలో ఈ ఓదార్పు తలక్రిందులై వినబడును. మగబిడ్డయైతే కేక, ఆడుబిడ్డయైతే గదిలో నిశ్శబ్దము. తొమ్మిది నెలలు మోసి, రాత్రియంతయు వేదనపడిన పిల్ల కన్ను తెరచి మొదట చూచునది తోడున్న ఆమె ముఖమునే. ఆ ముఖము వాడిన యెడల, రాత్రి చేసిన పరిచర్య యంతయు ఆ ఒక్క క్షణములో నీళ్లపాలు. మగవాడైన చంపుడని ఫరో చెప్పినప్పుడు షిఫ్రా పూయాలు లోబడలేదు. ఆడుదైన దిగులుపడుమని మన ఊళ్లు చెప్పునప్పుడు మనమేల లోబడవలెను? మొదటి మాట తల్లిని గూర్చినదై యుండనిండు: బాగుగా ఓర్చుకొంటివమ్మా, నీ బిడ్డ నిదిగో అని. బిడ్డ చనిపోయి పుట్టినయెడల తొందరపడి దేవుని చిత్తమును వివరింపబోకుడి. ఆ తల్లి చూడగోరిన బిడ్డను చూపించుమని నర్సమ్మను అడుగుడి, ఏడువనిండు, ప్రక్కనుండుడి.

ఇది చేయుటకు త్రోవ తెరచియున్నది. 2016 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము ప్రభుత్వాసుపత్రుల కాన్పు గదులలో తోడును అనుమతించుచు సూచనలిచ్చెను. ఆమె బంధువురాలై, తాను కాన్పు అనుభవించినదై యుండవలెను. అంటురోగము లేక, శుభ్రమైన బట్టలు ధరించి, చివరివరకు ఉండుటకు ఒప్పుకొని, సిబ్బంది పనికి అడ్డురాక యుండవలెను. ఇతర మంచముల జోలికి పోరాదు. గదిలో మరుగు ఉన్నచోట భర్తను అనుమతింపవచ్చునని కూడ ఉన్నది. చాలమందికి ఈ సంగతి తెలియక తలుపు దగ్గరనే ఆగిపోవుచున్నారు. ఏడవ మాసములో పరీక్షకు పోయినప్పుడే ఆశా కార్యకర్తనో నర్సమ్మనో మర్యాదగా అడిగి, ఎవరు లోపలికి వచ్చెదరో చెప్పియుంచుడి. ఎవరు కావలెనో ఆ పిల్లనే అడుగుడి. అత్తగారి పేరు చెప్పకపోయిన యెడల అత్తగారు నొచ్చుకొనవద్దు.

బంధువురాలే కావలెనను నియమమున్నచోట సంఘపు స్త్రీలు ఏమి చేయగలరు? రెండు సంగతులు. స్త్రీల సమాజములో ఒక సాయంకాలము ఈ పాఠము చదివి, అనుభవముగల నర్సమ్మను పిలిచి, ప్రతి ఇంటి తల్లికి అత్తకు అక్కకు పైన చెప్పిన పనులను చేసి చూపుడి. నడుము నొక్కుట మాటలతో రాదు. రెండవది, తోడు వెళ్లిన ఆమె ఇంటిని చూచుకొనుడి. కూలి చేసుకొను తల్లి రెండు దినములు ఆసుపత్రిలో నుండిన కూలి పోవును; ఇంటిలో చిన్నపిల్లలు, కొట్టములో గేదె. అందుచేతనే అనేకులు మనస్సుండియు వెళ్లలేకయున్నారు. పిడికెడు బియ్యపు సంచులలోని బియ్యము కొంత ఆ ఇంటికి పంపుటకు పెద్దలు సమ్మతించిన బాగుండును. గేదెకు గడ్డి వేయుట, పాలు పితుకుట మాత్రము అరుగుమీద కూర్చున్న పురుషులు చేయగలరు.